దట్టించి మరిచిన మందు

2013 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కు సిబ్బంది ఒక పాత ఫిరంగికి తుప్పు వదిలిస్తున్నారు. 1780లో మునిగిపోయిన బ్రిటిష్ యుద్ధనౌక ‘హస్సార్’ నుంచి పైకి తీసిన ఫిరంగి అది. 1996 దాకా పార్కులో జనం మధ్యే ప్రదర్శనకు ఉంది. మూతిలో బిగుసుకుపోయిన పూడిక తొలిగాక లోపల ఇనపగుండు కనబడింది. గుండు వెనక పీచు, పీచు వెనక 800 గ్రాముల తుపాకి మందు ఉన్నాయి. పోలీసులు వచ్చి మందును తీసుకెళ్లారు. రెండు శతాబ్దాలు దాటినా అది నిప్పు తగిలితే అంటుకునే స్థితిలోనే ఉంది.

మందు దట్టించిన తుపాకి ఎన్నాళ్లకు ప్రమాదం లేకుండా పోతుందని అడిగేవాళ్లకు మన ఊళ్లలో వచ్చే జవాబు ఇందుకు పూర్తిగా తలకిందులు. అటక మీది పాత గొట్టం తుపాకిని దించిన మనవడు ‘‘తాతా, ఇందులో మందుందా?’’ అంటాడు. ‘‘ఎప్పుడో మీ ముత్తాత నాటిదిరా, ఇంకా ఏముంటుంది?’’ అంటాడు తాత. ఆ ఒక్క మాట నమ్మి తుపాకి మూతిని ముఖానికి ఎదురుగా పెట్టుకుని చూసేవాళ్లు, పొయ్యి పక్కనే తుప్పు గీకేవాళ్లు ఉన్నారు. ఈ కథనం వాళ్ల కోసం.

పల్నాడులోని బెల్లంకొండ నుంచి ఈ సంగతి మాట్లాడటానికి కారణముంది. పల్నాడు కత్తికీ, కోటకీ పేరుపడ్డ సీమ. కారంపూడిలో ఇప్పటికీ పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. అయితే బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలానికి ఈ నేలకు తుపాకి మందు తెలియదు. బెల్లంకొండ దుర్గం ఆ మందు రావడాన్నీ, కోట యుద్ధాల తీరు మారిపోవడాన్నీ రెండింటినీ చూసింది. కొండ కొసలను కలుపుతూ ఒకే రాతిగోడ త్రికోణంలా చుట్టివచ్చిన కోట ఇది. రెడ్డిరాజుల చేతి నుంచి గజపతులకు పోయింది. 1515లో కొండవీటి మీదికి వస్తున్న శ్రీకృష్ణదేవరాయలు అద్దంకి, వినుకొండలతో పాటు దీన్నీ గెలుచుకున్నాడు. ఆ తర్వాత అయిదేళ్లకే, 1520లో, రాయచూరు ముట్టడిలో రాయల పక్షాన పోర్చుగీసు తుపాకిగాళ్లు నిలబడ్డారు. ఆ శతాబ్దం ముగియకముందే ఈ సీమ కోటలు గోల్కొండ వశమయ్యాయి. గుంటూరు సర్కారు 1788లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. దాదాపు మూడు వందల ఏళ్ల పాటు ఇక్కడి బురుజుల మీదా, కాపలా గదుల్లోనూ, దేశముఖుల ఇళ్లలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక గొట్టంలో మందు కూరుతూనే ఉన్నారన్నమాట. కూరినవన్నీ పేలాయనుకోవడానికి వీల్లేదు.

మూడు దినుసులు

పాత తుపాకి మందులో ఉండేవి మూడే: సూరేకారం, బొగ్గు, గంధకం. బరువులో వందకు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం అన్నది బాగా స్థిరపడిన కొలత. వీటిలో ఏదీ ఇంకొకదాన్ని మామూలు వేడిలో తినేయదు. నిప్పురవ్వ పడేదాకా మూడూ పక్కపక్కనే ఊరికే ఉంటాయి. ఏడాది ఉన్నా, నూరేళ్లు ఉన్నా అంతే. తనంతట తాను కుళ్లే గుణం ఈ మందుకు లేదు.

ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని మందు అలాంటిది కాదు. అది నైట్రోసెల్యులోజ్‌తో చేసినది. కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడిలో, లోపల్లోపలే విచ్ఛిన్నమై ఆమ్లం పుట్టిస్తుంది. ఒక్కోసారి తనంతట తానే అంటుకుంటుంది. ఫ్రాన్సులోని తూలాన్ రేవులో 1907లో ‘యేనా’, 1911లో ‘లిబెర్తే’ యుద్ధనౌకలు రెండూ ఇలాంటి మందు చెడి అంటుకోవడం వల్లే పేలిపోయాయి. పాత నల్లటి మందుకు ఆ జబ్బు లేదు. రెంటచింతల ఎండలు కూడా దాన్నేమీ చేయలేవు. ఎండకు చచ్చిపోయి ఉంటుందన్నది వట్టి భ్రమ.

దానికి ఉన్న శత్రువు ఒక్కటే, తేమ. ఇక్కడా పూర్తి సంగతి తెలుసుకోవాలి. శుద్ధమైన సూరేకారం అంత తేలిగ్గా చెమ్మ పట్టదు. గాలిలో తేమ తొంభై శాతం దాటితేనే నీరు లాగడం మొదలుపెడుతుంది. అదే సూరేకారంలో మామూలు ఉప్పో, సున్నపు నైట్రేటో కలిసి ఉంటే అంతకు చాలా ముందే తడిసిపోతుంది. వానాకాలంలో వంటింటి రాళ్లుప్పు జాడీ చెమర్చడం అందరికీ తెలిసిందే, ఇదీ అదే. చవిటి మట్టిని నీళ్లలో నానబెట్టి, వడగట్టి, కాచి సూరేకారం తీయడం తెలుగునాట ఉప్పరవాళ్లకు తెలిసిన విద్య. మళ్లీ మళ్లీ కాచి శుద్ధి చేస్తేగానీ ఉప్పు విడిపోదు. శుద్ధి సరిగా చేయనివాడి మందు మొదటి ముసురుకే మెత్తబడేది, చేసినవాడి మందు తరాలు నిలిచేది. గొట్టంలో ఉన్నది ఎవరు చేసిన మందో అటక మీది తుపాకిని చూసి ఎవరూ చెప్పలేరు.

దట్టించాక ఆ మందుకు చుట్టూ గోడలు లేచినట్టే. వెనక ఇనుము, ముందు పీచు, దాని మీద బిగుతుగా కూరిన గుండో, రవ్వలో ఉంటాయి. గాలి లోపలికి పోయే దారి, నిప్పు అందించే చెవి రంధ్రం ఒక్కటే. ఫిరంగులైతే ఓడల మీద మూతికి కొయ్యబిరడా కొట్టి, చెవి రంధ్రం మూసి ఉంచేవాళ్లు. చెకుముకి తుపాకిలో బయటి పళ్లెంలో పోసిన రంజకం మాత్రం గాలికీ, వానకీ గురవుతుంది. తడిగాలిలో కొన్ని గంటల్లోనే ముద్దయిపోతుంది. అందుకే సిపాయిలు రంజకం మారుస్తూ ఉండేవాళ్లు. తుపాకి ‘చచ్చిపోయింది’ అన్న నమ్మకం ఇక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం. చెకుముకి రాయి కొట్టినా, పేలుడు టోపీ పెట్టి దాన్ని కొట్టే గుర్రం వదిలినా పేలకపోతే లోపలి మందు పాడైందని అనుకుంటాం. పాడైంది బయటి రంజకమో, టోపీయో అయి ఉంటుంది. చెవి రంధ్రం తుప్పుతో పూడిపోయి నిప్పు లోపలికి వెళ్లకపోయి ఉండొచ్చు. అసలు మందు బాగానే ఉంటుంది.

తడిసిన మందు సంగతి గోల్కొండవాళ్లకు బాగా తెలుసు. 1687లో ఔరంగజేబు సేనలు కోట గోడల కిందికి సొరంగాలు తవ్వి మందు నింపాయి. లోపలివాళ్లు పసిగట్టి ఎదురు సొరంగాలు తవ్వారు. చేతికందిన మందును కోటలోకి ఎత్తుకుపోయారు, మిగిలినదాన్ని నీళ్లతో తడిపారు. బయట మొగలులకు ఇదేమీ తెలియదు. ముహూర్తం చూసి వత్తి అంటించారు. కోటవైపున్న మందు తడిసి ఉంది, తమవైపున్నది పొడిగా ఉంది. పేలుడు వెనక్కి తన్ని దాడికి సిద్ధంగా నిలబడ్డ మొగలు సేన మీదే రాళ్లు కురిశాయి. ఖాఫీఖాన్ తన చరిత్రలో ఇదంతా రాశాడు. తడిసింది కదా అని భరోసా పెట్టుకునేవాళ్లు ఈ కథలోని సగం పొడి మందును గుర్తుపెట్టుకోవాలి. ఒకే గొట్టంలో చెవి దగ్గరి మందు గడ్డకట్టి, గుండు కిందిది పొడిపొడిగా ఉండటం మామూలే. పైగా తడిసిన మందు ఆరితే మళ్లీ అంటుకుంటుంది. బలం తగ్గుతుందేమో గానీ చేతివేళ్లు తీసేయడానికి ఆ బలం చాలు.

పేలకపోయినా ప్రమాదమే

మందు నిలిచి ఉండటం ఒక సంగతి. ఆ మందును మోస్తున్న గొట్టం నిలిచి ఉండటం వేరే సంగతి. పాత తుపాకిని మరిచిపోయి, ఎప్పుడో గుర్తొచ్చి ‘ఒకసారి పేల్చేస్తే ఖాళీ అవుతుంది కదా’ అనుకునేవాళ్లు ఈ రెండో సంగతిని చూడరు.

నల్లటి మందు కాలినప్పుడు గొట్టంలో మిగిలే మసి గాలిలోని నీటిని ఆబగా లాగుతుంది. ఒకసారి పేల్చి, కడగకుండా, అదే మసి మీద మళ్లీ దట్టించి పెడితే గొట్టం అడుగున ఇనుము తినుకుపోతూ ఉంటుంది. సరిగ్గా పేలుడు ఒత్తిడి అంతా పడే చోటే గోడ పలచబడుతుంది. బయటికి నల్లగా, నిగనిగలాడుతూ కనిపించే తుపాకి అడుగు జల్లెడైపోయి ఉండొచ్చు. గుండు కదిలిపోయినా ప్రమాదమే. మోతల్లో, కుదుపుల్లో గుండు మందు మీది నుంచి ముందుకు జారితే మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ దగ్గరే గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. కొత్త తుపాకిలోనూ ఇది జరుగుతుంది.

అన్నిటికంటే భయపెట్టేది మాత్రం మతిమరుపు. లోపల ఒకటి ఉందని తెలియక దాని మీద ఇంకొకటి దట్టించడం. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులైలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానంలో ఏరిన తుపాకులు 27,574. వాటిలో దాదాపు 24,000 దట్టించే ఉన్నాయి. ఆ దట్టించినవాటిలో సగం తుపాకుల్లో రెండేసి దట్టింపులు, పావువంతులో మూడు నుంచి పది దాకా ఉన్నాయి. ఒక తుపాకిలో ఏకంగా 23 ఉన్నాయని లెక్కగట్టారు. వాటిని మోసినవాళ్లు తర్ఫీదు పొందిన సిపాయిలు. పేలిందో లేదో కూడా ఆ హోరులో వాళ్లకు తెలియలేదు. పంట కాపలాకు నెలకో రెండు నెలలకో ఒకసారి తుపాకి ఎత్తే రైతుకు, దట్టించింది తనా, తమ్ముడా, పోయినేడాదా, మొన్ననా అన్నది గుర్తుండాలని ఎలా అనుకుంటాం?

పొలానికి ఇచ్చే తుపాకి

పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే మాట మన 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. అడవి అంచు పొలాల్లో పందుల మంద ఒక్క రాత్రిలో చేసే నష్టం చూసినవాళ్లెవరూ ఆ వెసులుబాటును తప్పుపట్టరు. నేనూ తప్పుపట్టను. లైసెన్సు లేని నాటు తుపాకి సంగతి వేరు, అది నేరమే. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర కూడా ఒక అలవాటు మాత్రం మారాలి. పందులు ఏ రాత్రి వస్తాయో తెలియదు కాబట్టి తుపాకిని ఎప్పుడూ దట్టించే ఉంచుతారు. మంచె మీది నుంచి దింపి, భుజాన వేసుకుని, ఇంటికి తెచ్చి, గోడకు ఆనిస్తారు. పగలంతా ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.

ఈ అలవాటు మీద చట్టం వచ్చిన ఊరు ఒకటుంది. 1783లో బోస్టన్ పట్టణంలో దట్టించిన తుపాకిని ఇంట్లోకి తేకూడదని చట్టం చేశారు, తెస్తే పది పౌండ్ల జరిమానా. మందు తనంతట తాను పేలుతుందన్న భయంతో చేసింది కాదది. ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడానికి పరిగెత్తుకొచ్చిన మనుషుల ప్రాణాలకు ఆ తుపాకుల వల్ల ప్రమాదం కాబట్టి చేశారు. మన పల్లెల్లో ఎన్ని పూరిళ్లు, ఎన్ని గడ్డివాములు వేసవిలో తగలబడతాయో చూసినవాళ్లకు ఆ చట్టం అర్థమవుతుంది.

అందుకని తుపాకిని దట్టించి ఎన్నాళ్లు ఉంచవచ్చన్న ప్రశ్నకు నా జవాబు ఇది. దట్టించిన తుపాకి ఆ పొలంలో ఆ పూట వరకే. పని అయ్యాక, పేల్చినా పేల్చకపోయినా, గడప దాటకముందే ఖాళీ కావాలి. మందు చెడుతుందని కాదు, చెడదు కాబట్టి.

ఎన్నికలొస్తే ఇంకో చిక్కు ఉంది. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకుల్ని పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. పల్నాడులో దీన్ని ఎంత గట్టిగా అడుగుతారో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తూటా తుపాకి అయితే మడత విప్పి చూస్తే తూటా ఉందో లేదో తెలుస్తుంది. గొట్టం తుపాకికి విప్పడానికి మడత లేదు. దట్టించిన తుపాకి నెలల తరబడి మాల్‌ఖానాలో పడి ఉండి, మళ్లీ ఇంటికి చేరి, ‘స్టేషన్లోంచి వచ్చింది కాబట్టి ఖాళీయే’ అని అందరూ అనుకునే వీలుంది. అప్పగించే చోటే, ఇచ్చేవాడి ఎదుటే, కడ్డీ వేసి చూడటం నియమం కావాలి.

కడ్డీ చెప్పే మాట

చూసే పద్ధతి తేలికే. మొదట గుర్రం దగ్గర టోపీ గానీ, పళ్లెంలో రంజకం గానీ లేకుండా చూసుకోవాలి. మూతి ఎవరివైపూ, ముఖ్యంగా తనవైపూ ఉండకూడదు. పక్కన నిలబడి, గొట్టంలోకి కూరే కడ్డీని మెల్లగా జారవిడవాలి. గొట్టం ఖాళీ అయితే అడుగు ఇనుముకు తగిలి ఖణేల్మంటుంది. ఏదైనా ఉంటే ‘ధబ్’మని మెత్తగా ఆగుతుంది. చప్పుడుతో ఊరుకోవద్దు. కడ్డీ మూతి దగ్గర ఎంతవరకు దిగిందో సుద్దతో గీత పెట్టి బయటికి తీయాలి. గీత మూతికి సరిపోయేలా కడ్డీని గొట్టం పక్కనే బయట ఆనించి చూడాలి. కడ్డీ కొస చెవి రంధ్రం దాకా వస్తే గొట్టం ఖాళీ. బెత్తెడు ముందే ఆగిపోతే లోపల ఒక దట్టింపు ఉన్నట్టు లెక్క. జానెడు ముందే ఆగితే ఒకటి కంటే ఎక్కువే. అది తుప్పు కావచ్చు, కందిరీగ పెట్టిన మట్టిగూడు కావచ్చు. అయినా మందేనని అనుకోవాలి.

లోపల ఉందని తేలాక దాన్ని తీసే పని ఇంట్లో పెట్టుకోకూడదు. నీళ్లు పోస్తే చాలని కొందరంటారు. బిగుతుగా కూరిన గుండు పక్కనుంచి నీరు కిందికి దిగుతుందన్న నమ్మకం లేదు. వేడి చేయడం, సుత్తితో కొట్టడం, డ్రిల్లుతో తొలవడం ప్రాణాల మీదికి తెస్తాయి. పాతకాలం సిపాయిల దగ్గర కడ్డీ కొసన బిగించే మెలికల మర ఉండేది. దాంతో పీచునీ, గుండునీ లాగేసేవాళ్లు. అది కూడా అలవాటైన చేతికే లొంగే పని. లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారు దగ్గరికి పోవాలి, లేదా పోలీసులకు చెప్పాలి. పేల్చబోయి పేలని తుపాకి విషయంలోనూ తొందరపడకూడదు. మూతిని ఖాళీ దిక్కుకు పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. నిప్పు తడి మందులో నెమ్మదిగా పాకి ఆలస్యంగా పేలడం ఈ తుపాకులకు తెలిసిన గుణమే. మూతిలోకి తొంగిచూసేది సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే.

మరో ముఖ్యమైన మాట. ఇంతసేపూ చెప్పింది నల్లటి తుపాకి మందు గురించి మాత్రమే. పల్నాడుకు నాటుబాంబుల చేదు అనుభవం ఉంది. వాటిలో కలిపేది ఇది కాదు. కాస్త రాపిడికీ, దెబ్బకూ పేలే రకం అది. గడ్డివాములోనో, పాడుబడ్డ బావిలోనో పాతది కనబడితే కడ్డీలూ పరీక్షలూ ఏవీ లేవు. దూరంగా జరిగి 112కి ఫోన్ చేయడమే.

మట్టిలో ఉన్నవి

బెల్లంకొండ మండలంలో తవ్వకం ఆగని ఆశ. ఈ మండలంలోని కొల్లూరు ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలు ఇచ్చింది. ఆ నేల ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. పల్నాటి కోటల్లో దేనికి వెళ్లినా గుప్తనిధుల కోసం తవ్విన గోతులు కనిపిస్తాయి. నిధి మాట దేవుడెరుగు, అలాంటి చోట గునపానికి తగిలేది గుండ్రని ఇనుము కూడా కావచ్చు. ఫిరంగి గుండ్లన్నీ గట్టి ముద్దలు కావు. లోపల డొల్లగా ఉండి మందు నింపినవీ ఉన్నాయి. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని వర్జీనియాలో అంతర్యుద్ధం నాటి అలాంటి 34 కిలోల గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి, ఆ పని చేస్తున్న వ్యక్తి చనిపోయాడు. ఒక ముక్క దాదాపు నాలుగు వందల మీటర్ల అవతలి ఇంటి వసారాలో పడింది. ఆ గుండు చేసి అప్పటికి నూట నలభై ఏళ్లు దాటింది. చనిపోయిన మనిషి ఆ గుండ్ల గురించి ఏమీ తెలియనివాడు కాదు, ఏళ్ల తరబడి వాటిని శుభ్రం చేసినవాడే.

అంత దూరం ఎందుకు, పక్క రాష్ట్రంలోనే చూడొచ్చు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో 2018లో ఒక పాడుబావి పూడిక తీస్తే టిప్పు కాలం నాటి ఇనప రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. తవ్వుతుండగానే మట్టి నుంచి మందు వాసన వచ్చిందని పురావస్తు శాఖవాళ్లు చెప్పారు. మలెనాడు వానల్లో, బావి అడుగు బురదలో రెండు వందల ఏళ్లకు పైగా ఉండి కూడా ఆ గొట్టాల్లో సూరేకారమూ, బొగ్గూ ఉన్నట్టు తేలింది.

మన దగ్గర జమీందారీ ఇళ్ల గోడల మీద, కోటల దగ్గర, మ్యూజియాల్లో, పోలీసుల మాల్‌ఖానాల్లో గొట్టం తుపాకులూ ఫిరంగులూ ఎన్నో ఉన్నాయి. వాటి పక్కన ఏ రాజుదో, ఏ శతాబ్దందో రాసిన చీటీ ఉంటుంది. లోపల చూశారో లేదో మాత్రం రాసి ఉండదు. ప్రతిదానికీ కడ్డీ వేసి, ఖాళీ అని తేలితే ఆ తేదీ, చూసినవాళ్ల సంతకం ఒక రేకు మీద చెక్కి మూతికి కట్టాలి. చూడనిదానికి ‘చూడలేదు, దట్టించినట్టే భావించండి’ అని కట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. పల్నాడు జిల్లాలో ఉన్నవాటితో మొదలుపెడితే, ముందు మాల్‌ఖానాల్లోవి, తర్వాత కోటల్లోవి, ఆ తర్వాత ఇళ్ల అటకల మీదివి చూసుకుంటూ పోవచ్చు.